అరవై ఒకటో ఫైలు

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు ఫైలు లేదని తెలిసింది.

రెండుంబావుకల్లా విజిలెన్స్ ఆఫీసర్ మెట్లెక్కుతోంది. మూడో అంతస్తు. పన్నెండో నంబరు గది. తలుపు మీద ‘సమాన అవకాశాల విభాగం’ అన్న బోర్డు. ఒక మేకు ఊడి, పక్కకు వాలిపోయి ఉంది.

ఆమెకు ఏ కబురొచ్చినా ముందు చెడే తోస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోనొస్తే ప్రమాదం. రాకపోతే ఇంకా పెద్ద ప్రమాదం. పోలీసు శాఖలో ఇరవై రెండేళ్లు ఆ గుణంతోనే నెట్టుకొచ్చింది. యూనివర్సిటీ ఉద్యోగానికి వచ్చాకా అది వదల్లేదు. ‘ఫైలు కాల్చేసి ఉంటారు. లేకపోతే నీళ్ల ట్యాంకులో పడేసి ఉంటారు’ అనుకుంటూనే లోపలికి వెళ్లింది.

గదిలో నలుగురున్నారు.

కుర్చీలో సూపరింటెండెంట్. ముప్పై ఏళ్ల సర్వీసు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని అటెండరమ్మ. కిటికీ పక్క స్టూలు మీద, తెల్లకర్ర నిటారుగా పట్టుకుని ఒక అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. రోజూ రెండు గంటలు ఇక్కడే పని. ప్రతి ఫైలు వీపు మీదా బ్రెయిలీ చుక్కల లేబుల్ అతికిస్తుంది. అందుకే ఆఫీసంతా ఆ పిల్లని ‘చుక్క’ అంటుంది.

ఆమెను ఆనుకుని వాళ్లమ్మ. టైలరు. కబురందగానే గేటు ఎదుటి కొట్లో మిషన్ కింద బట్ట అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మెడలో టేపు, మణికట్టుకు గుండుసూదుల దిండు ఇంకా ఉన్నాయి.

“పోయిందేమిటి?”

“దరఖాస్తుల ఫైలు మేడమ్,” అన్నాడు సూపరింటెండెంట్. “పరీక్షలో అదనపు సమయం కావాలనీ, రాసిపెట్టే మనిషి కావాలనీ, చక్రాల కుర్చీకి కింది గది కావాలనీ పిల్లలు పెట్టుకున్నవి. ఆరు.”

“నలభై మూడు,” అంది చుక్క.

“ఆరమ్మా.”

“నలభై మూడు సార్. లెక్కపెట్టి ట్యాగ్ వేసింది నేను.”

ఆఫీసర్ నోట్‌బుక్‌లో రెండు అంకెలూ రాసుకుంది. పక్కపక్కనే.

“ఇవాళే ఎందుకు పోయింది?”

“నాలుగింటికి కమిటీ ఉంది. ఈ విభాగం ఉంచాలా, మూసేయాలా తేలుస్తారు. ఆరుగురి కోసం ఒక ఆఫీసు ఎందుకని వాళ్ల ప్రశ్న. మూసేస్తే ఈ అమ్మాయికి సోమవారం పరీక్షలో రాసిపెట్టే మనిషి ఉండదు. ఆరే ఉన్నాయని బయటపడకూడదని తీసేసింది. అంతే.”

“చూశారా?”

“చూడక్కర్లేదు. గదికి తాళంచెవి ఒకటే. ఒంటిగంట పదికి ఈమె చేతికిచ్చి భోజనానికి వెళ్లాను. ఒకటీ యాభైకి వచ్చాను. మధ్యలో ఇంకెవరూ రాలేదు. కారిడార్‌లో కెమెరా ఉంది, చూసుకోండి.”

“అంతకుముందు గదిలో ఎవరున్నారు?”

“నేనే. ఎప్పుడూ ఉండేవాణ్నేగా!”

నవ్వి, బల్ల మీద రబ్బరుబ్యాండు చుట్టిన మాత్రల షీటు తీసి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. “బీపీ మేడమ్. ఇలాంటి గొడవలు పడవు.”

అప్పుడు సొరుగులోంచి ఒక టైపు చేసిన కాగితం, ఇంకు ప్యాడ్ తీసి చుక్క ముందుకు తోశాడు.

“తప్పయిపోయిందని రాయించాను. వేలిముద్ర వెయ్యి. డిబార్ చేయకుండా నేను చూసుకుంటా.”

తల్లి కూతురి భుజం పట్టుకుంది. “వేసెయ్యవే తల్లీ. పోలీసులూ కేసులూ మనవల్ల కాదు. చదువు పోతే పోయింది, నువ్వు మిగిలితే చాలు నాకు.”

“చెయ్యని దానికి వెయ్యనమ్మా.”

“మొండితనం వద్దే.”

“మొండితనమే అనుకో.” చుక్క ప్యాడ్‌ని వేలితో తడిమి, అదేమిటో తెలిసి, వెనక్కి నెట్టింది. “ఇంకోటి సార్. నాకు సంతకం వచ్చు.”

సూపరింటెండెంట్ మొహం చిట్లించాడు. “చూశారా మేడమ్, ఇదీ వరస! అందరికీ ఒకటే రూలుండాలి. అదనపు గంటట, ప్రత్యేక గదట! మావాడికి ఎవరిచ్చారండీ అదనపు గంట? రెండు మార్కుల్లో సీటు పోయింది.”

ఆ మాట దగ్గర మాత్రం ఆయన బాధ నిజమే. ఆఫీసర్ అదీ గుర్తుపెట్టుకుంది.

రెండూ నలభై. సెక్యూరిటీ గదిలో కెమెరా రికార్డింగ్ చూసింది. ఒంటిగంట పదకొండుకు చుక్క లోపలికి. ఒకటీ నలభై ఎనిమిదికి బయటికి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో నీళ్ల సీసా. మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. ఒంటిగంట తొమ్మిదికి సూపరింటెండెంట్ బయటికి. చేతిలో క్యారేజీ మాత్రం.

ఫైలు మూరెడు పొడవు అట్టది. సీసాలో పట్టదు. క్యారేజీలోనూ పట్టదు.

మూడూ ఐదు. మళ్లీ పన్నెండో గది. కిటికీకి ఇనుప ఊచలు. కింద తోటలో కాగితం ముక్క లేదు. బూడిద లేదు. ట్యాంకులోకి కూడా మనిషిని దింపింది. నాచు తప్ప ఏమీ లేదు.

“ఫైలు గది దాటలేదు,” అంది ఆఫీసర్.

“వెతికాం కదా మేడమ్,” అంది అటెండరమ్మ. “బీరువా వెనకాల, మంచినీళ్ల కుండ కింద కూడా చూశా. సాలెగూళ్లు నెత్తికి చుట్టుకున్నాయి గానీ ఫైలు దొరకలేదు.”

“ఫైళ్ల రాక్?”

“అట్టల మీద పేర్లన్నీ చదివాం. అది లేదు.”

“నన్ను ఒక్కసారి తడమనివ్వండి,” అంది చుక్క. ఇందాకటి నుంచీ ఆ పిల్ల అడుగుతున్నది అదొక్కటే.

“వద్దు, సాక్ష్యం చెడిపోతుంది,” సూపరింటెండెంట్ చటుక్కున లేచాడు. ఇందాకా ఆయన అదే అన్నాడు. అప్పుడు ఆఫీసరూ సరేనంది.

ఇప్పుడు అనలేదు.

“రిజిస్టర్ తీయండి. ఈ రాక్‌లో ఉండాల్సినవి ఎన్ని?”

“అరవై ఒకటి.”

“ఒకటి పోయింది కాబట్టి అరవై. అటెండరమ్మా, లెక్కపెట్టు.”

అటెండరమ్మ లెక్కపెట్టింది. ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

“అరవై ఒకటి ఉన్నాయి మేడమ్!”

“అయితే వేరే పేరుతో ఇక్కడే ఉంది,” అంది ఆఫీసర్.

మూడూ నలభై. అన్నీ నాడాతో బిగించి కట్టినవే. ముడులు విప్పి వెతికితే ఐదవుతుంది. కమిటీ ఆగదు.

“చుక్కా, రామ్మా.”

“ఛైర్మన్‌గారికి చెప్పాలి ఇది,” అన్నాడు సూపరింటెండెంట్.

“పిలిపించాను. మీ వెనకే ఉన్నారు.”

గుమ్మంలో కమిటీ ఛైర్మన్ నిలబడి ఉన్నాడు. ముసలి ప్రొఫెసర్. గడియారం వంకా, రాక్ వంకా చూస్తున్నాడు.

చుక్క కర్ర తల్లికిచ్చింది. పై వరస ఎడమ చివర చూపుడువేలు పెట్టింది. వీణ తీగల మీద వెళ్లినట్టు వెళ్లింది వేలు. భవనాలు. గ్రంథాలయం. హాస్టల్. నీటి సరఫరా. ఆగలేదు, తడబడలేదు. రెండో వరస. మూడో వరస. మధ్యలో ఆగిపోయింది.

“ఇది నాది కాదు.”

అట్ట మీద పెద్ద అక్షరాల్లో ‘పాత ఫర్నిచర్’ అని రాసి ఉంది. కింద చుక్కలూ ఉన్నాయి. చూసేవాళ్ల కంటికి పక్క ఫైలుకీ దీనికీ తేడా లేదు.

“నేను ప్లాస్టిక్ టేపు మీద వేస్తాను. ఇది అట్టముక్క. పైగా నావన్నీ మన భాషలో ఉంటాయి. ఇది ఇంగ్లీషు. తలకిందులుగా అతికించారు. ఉండండి, చదువుతాను.” వేలు కుడినుంచి ఎడమకు నెమ్మదిగా జరిగింది. “పి. ఆర్. ఈ. జెడ్. ఓ...” నొసలు ముడిపడింది. “ప్రెజోనిల్. ఐదు ఎం.జి. ఇదేం ఫర్నిచరండీ?”

అటెండరమ్మ కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

ఆఫీసర్ బల్ల దగ్గరికి వెళ్లింది. రబ్బరుబ్యాండు చుట్టిన మాత్రల షీటు తీసి, వెనక వెండిరేకు మీద ఉన్న పేరు పైకి చదివింది.

“ప్రెజోనిల్. ఐదు మిల్లీగ్రాములు.”

సూపరింటెండెంట్ కుర్చీలో కూలబడ్డాడు.

“డబ్బా లేకుండా మాత్రల షీటుకు రబ్బరుబ్యాండు ఎందుకా అని రెండున్నరకే అడగాల్సింది నేను,” అంది ఆఫీసర్. “ఎంతసేపూ కాల్చేశారేమో, ముంచేశారేమో అనే నా భయం. చూపు లేనివాళ్లు చదువుకోవడానికని మందు డబ్బా మీద చుక్కలు పొడుస్తారు. ఈయన భోజనానికి వెళ్లేముందే ఫైలు అట్ట మార్చి, ఆ చుక్కలున్న ముక్క కత్తిరించి అతికించాడు. ఎందుకంటే ఈ అమ్మాయి వేలికి చుక్కల్లేని ఫైలు తగిలితే వెంటనే పట్టేస్తుంది. చుక్కలేవైనా చుక్కలే అనుకున్నాడు. అవి అక్షరాలని ఆయనకు తోచలేదు.”

అటెండరమ్మ చెత్తబుట్ట బోర్లించింది. మందు డబ్బా దొర్లింది. దానికి ఒక వైపు వేలెడంత చిల్లు.

నాడా విప్పారు. దరఖాస్తులు. ఛైర్మన్ తానే లెక్కపెట్టాడు. నలభై మూడు. ప్రతిదాని మీదా ‘అందినది’ అన్న ముద్ర, సూపరింటెండెంట్ పొట్టి సంతకం, తేదీ. అన్నీ మూడు నెలల కిందటివే.

“మూడు నెలలు తొక్కిపెట్టి ఆరే వచ్చాయని నాకు రిపోర్టు ఇచ్చారా?”

ఛైర్మన్ కాగితాలు సూపరింటెండెంట్ ముందుకు తోశాడు.

“చింపెయ్యకపోయారా మరి?” ఆఫీసర్ నిజంగానే అడిగింది.

ఆయన తల ఎత్తకుండా గొణిగాడు. “నంబరు పడిన కాగితమండీ. ముప్పై ఏళ్లలో ఒక్కటి చింపలేదు. చేతులు రాలేదు. కమిటీ అయ్యాక ‘దొరికింది’ అందామనుకున్నా.”

“ఈలోగా నా పిల్ల దొంగయ్యేది!” అప్పటిదాకా గోడకు నక్కిన తల్లి ముందుకొచ్చింది. గుండుసూదుల దిండున్న చేత్తో బల్ల మీద చరిచింది. “మీ అబ్బాయికి సీటు పోతే మా పిల్ల వేలు విరగ్గొడతారా? ఆ వేలితోనేనయ్యా అది లోకం చూసేది!”

ఛైర్మన్ ఫైలు చంకలో పెట్టుకున్నాడు. మూడూ యాభై ఎనిమిది. “ఈ నలభై మూడింటికీ ఇవాళే ఆర్డర్లు ఇస్తాం. సోమవారం నీకు రాసిపెట్టే మనిషి ఉంటారమ్మా. విభాగం ఈ ఏడాదికి మూయాల్సిన పని లేదు.”

“‘ఈ ఏడాదికి’ అన్న మాట తీసెయ్యండి సార్,” అంది చుక్క.

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆ పిల్ల నవ్వడం లేదు. “కమిటీలో నువ్వే చెప్పు, రా,” అన్నాడు.

“ముందు సాక్షి స్టేట్‌మెంట్,” ఆఫీసర్ కాగితం పెట్టింది.

తల్లి మెడలో టేపు తీసి, గీత ఉండాల్సిన చోట అడ్డంగా పరిచింది. చుక్క టేపు అంచు తడుముకుని పెన్ను ఆనించింది. చిన్నప్పుడు గుడ్డ మీద తల్లి దారంతో కుట్టిచ్చిన అక్షరాలవి. వేలితో తడిమి తడిమి నేర్చుకుంది. చివరి అక్షరం కొమ్ము దాకా తడబడకుండా సంతకం చేసింది.

తల్లి బల్ల మీది ఇంకు ప్యాడ్ తీసి మూత పెట్టబోయింది.

“ఉండనీ అమ్మా,” అంది చుక్క, కర్ర అందుకుంటూ. “సార్‌కి స్టేషన్‌లో కావాలిగా.”