చెంబుడు నీళ్లు, రెండు సన్న టైర్లు

శనివారం పొద్దున్నే, పలాస వీధుల్లో జీడిపిక్కల వాసన కమ్ముకునే వేళకి, భాను అంబాసిడర్ కింద నుంచి బయటికొచ్చింది. ముఖం నిండా గ్రీజు, ఆ గ్రీజు మధ్య చెవుల దాకా నవ్వు. ముందు చక్రాలకు రెండు సన్నటి కొత్త టైర్లు మెరుస్తున్నాయి. రేపే విశాఖ దగ్గర పావు మైలు కార్ల పందెం. పాత కార్ల వరసలో పేరిచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఎలా పడుతుంది మరి?

పళ్లు తోముకుంటూ వచ్చిన తండ్రి దానయ్య ఆ టైర్లను చూసి నోట్లో వేపపుల్ల తీసేశాడు.

“ఇవేటే?”

“పందెం టైర్లు నాన్నా. ఎంత తేలికో సూడు. కారుని తోసీవి ఎనక సక్రాలు. ముందువి ఊరికే తిరగతాయంతే. సన్నంగుంటే బేగి కదల్తాది.”

“తోసీవి ఎనకవే. మరి ఆపీవి?”

భాను నవ్వు కాస్త తగ్గింది. “పందెంలో ఆగడానికి బోల్డంత కాళీ జాగా ఉంటాది.”

“పలాసలో ఏటుంటాది? మేకలుంటాయి.”

దానయ్య పాతికేళ్లు కారు నడిపాడు. ఉద్దానం ఊళ్ల నుంచి కిడ్నీ రోగులు విశాఖ ఆసుపత్రికి వెళ్లాలంటే ఆయన కారే కావాలనేవారు. కడుపులో చల్ల కదలదని పేరు. చూపు మందగించాక తాళం కూతురి చేతికిచ్చాడు. ఇచ్చేముందు ఏడాది పాటు, పక్క సీట్లో నీళ్ల చెంబు పెట్టి మరీ నేర్పాడు. చుక్క ఒలికితే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే.

“రేపు విశాఖ దాకా లారీల మద్దిన ఈటి మీదేనా ఎల్తావు?”

“అక్కడ మార్సుకుందామంటే నానొక్కర్తినే గదా. నువ్వు రానన్నావు.”

ఆ మాట సూటిగా తగిలింది. పందెమంటే చాలు, నేను రానని నెల్లాళ్లుగా భీష్మించుకు కూర్చున్నాడాయన. లోపలికెళ్లి చెంబు నింపుకొచ్చాడు, అంచుకి వేలెడు తక్కువగా.

“కాశీబుగ్గ మూడు రోడ్ల దాకా ఎల్లి రా. ఒలక్కపోతే నీ పందెం నీది. ఒలికిందా, పందెం లేదు.”

“సెంబు నాను పట్టుకుంతాను,” అంటూ మేనత్త నారాయణమ్మ కొంగు బిగించి ముందు సీట్లో కూర్చుంది. అరవై దాటినా పందెమంటే ఆవిడకే ఎక్కువ హుషారు.

వెళ్లేటప్పుడు కారు భాను చెప్పినట్టల్లా విన్నది. స్టీరింగు వేలితో తిప్పినా తిరుగుతోంది. ఆనందంతో గుండె ఎగిరెగిరి పడుతోంది గానీ చెంబులో నీళ్లు మాత్రం కదిలీ కదలనట్టున్నాయి.

“ఒలే, గెలిసీసినట్టేనే నువ్వు,” అంది అత్త.

తిరిగొస్తూంటే జీడి ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి ఓ మేకపిల్ల రోడ్డు మీదికి దూకింది. దాని తాడు పట్టుకుని వెనకాలే ఓ ముసలమ్మ. భాను బ్రేకు తొక్కింది. ముందు చక్రాలు బిగుసుకున్నాయి గానీ కారు ఆగదే, జర్రున జారుకుంటూ పోయి ముసలమ్మకి జానెడు దూరంలో నిలబడింది. ఆవిడ మేకపిల్లని చంకనేసుకుని, తిట్టాల్సిన నాలుగూ తిట్టి వెళ్లిపోయింది. భాను కారుని రోడ్డు పక్కకి తీసి ఆపింది.

అత్త చీర కుచ్చిళ్లన్నీ తడిసిపోయాయి. ఆవిడ దిగి, వీధి కుళాయి దగ్గర చెంబు మళ్లీ నింపుకొచ్చింది, అంచుకి వేలెడు తక్కువగా.

“నీల్లు మల్లీ పోసుకోవచ్చునే. పందెం మల్లీ రాదు. నడు.”

ఇంటి ముందు దానయ్య చెంబులోకి తొంగి చూశాడు. “ఒలకలేదే,” అన్నాడు. గొంతులో గర్వం దాచుకుందామన్నా దాగలేదు. ఆ గర్వాన్నే భాను తట్టుకోలేకపోయింది.

“ఒలికింది నాన్నా. అత్త సీర సూడు. ఈది కుళాయిలో నింపుకొచ్చింది.” కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “ఇంకొక్క జానెడైతే ఓ ముసలమ్మని గుద్దీదాన్ని.”

నారాయణమ్మ తల కొట్టుకుంది. “దీని నోట్లో నువ్వుగింజ నానదు కదా.”

దానయ్య జాకీ తెచ్చి కూతురి ముందు పెట్టాడు. భాను ఏడుస్తూనే సన్న చక్రాలు విప్పి, పాతవి బిగించింది. విప్పినవాటిని షెడ్డు వైపు దొర్లించుకుపోతుంటే వెనక నుంచి పిలిచాడు.

“అటెక్కడికే? డిక్కీలో పెట్టు.”

“పందెం లేదన్నావు గదా.”

“అన్నాను. అబద్దమాడి గెలవొచ్చునని తెలిసీ నిజం సెప్పినావు. నీ సేతికి తాళం ఇచ్చినందుకు నాకింకేటి కావాల? పాత టైర్ల మీద ఎల్దాం. అక్కడ మార్సుకుందాం.”

“నువ్వొత్తావా?”

“మరి జాకీ ఎవులెత్తుతారు, మీ అత్తా?”

భాను తండ్రిని వాటేసుకుంది. ఆయన బనీను నిండా గ్రీజు అంటుకుంది.

ఆదివారం మైదానంలో దానయ్యే దగ్గరుండి సన్న చక్రాలు బిగించాడు. ఇంటి నుంచి తెచ్చిన చెంబెడు నీళ్లూ రెండు టైర్ల మీద పోసి, దండం పెట్టి, ఖాళీ చెంబుని కూతురి పక్క సీట్లో పడేశాడు.

“ఇయ్యాల ఒలకడానికేటీ లేదు,” అన్నాడు. “తొక్కు.”