మరదలు మరిచిన ఎదురుగాలి

"సాక్షి ప్రాణాలతో కోర్టుకి చేరాలి. చేరలేదో, ఆ ముఠా పెద్దలంతా దర్జాగా జైల్లోంచి నడిచొస్తారు," అన్నాడు చీఫ్. బ్రీఫింగ్ అంతే.

సాక్షి అంటే ఓ ముసలి డ్రైవరు. విదేశీ ముఠా నాయకుడి కారు ఏళ్ళ తరబడి నడిపి, వెనక సీటు మాటలన్నీ విన్నవాడు. కోర్టేమో పన్నెండు వేల కిలోమీటర్ల అవతలి నగరంలో. వెంట వెళ్ళే ఏజెంటు కోడ్‌నేమ్ బావ. జాలి అన్నది ఆ మనిషి ఇంటావంటా లేదు. తోడుగా పంపిన అందగత్తె కోడ్‌నేమ్ మరదలు. నవ్విందంటే ఎదుటివాడికి సొంత పేరు గుర్తుండదు. ఆవిడ రెండువైపులా జీతం తింటోందని చీఫ్‌కి అనుమానం, బావకి నమ్మకం. కళ్ళముందుంటేనే మేలని ఇద్దరూ నోరు మెదపలేదు.

విమానంలో బావ స్టీవర్డు వేషం కట్టి ట్రాలీ తోశాడు. మరదలు ముసలాయన పక్కన చేరి, "బాబాయ్, బాబాయ్" అంటూ దుప్పటి కప్పింది, దిండు సర్దింది. ఆ సర్దుళ్ళలోనే కాఫీలోకి మాత్ర జారిన సంగతి బావ కంట పడనేలేదు.

చాలా గంటల తర్వాత ముసలాయన బావ చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. నాలిక మొద్దుబారిపోతోంది."

బావ మరదల్ని ట్రాలీలు పెట్టే మూలకి ఈడ్చుకెళ్ళి గొంతు పట్టుకున్నాడు.

"ఏం పెట్టావ్?"

"వదులు బావా, లిప్‌స్టిక్ చెరుగుతుంది. నిదానంగా కరిగే విషం. దిగాక ట్యాక్సీలో పోతాడు. అందరూ గుండెపోటనుకుంటారు."

"ప్రయాణం ఎన్ని గంటలని లెక్కేశావ్?"

"పోయినవారం అటునుంచే వచ్చాగా. పదమూడు."

బావ ముద్దుగా నవ్వాడు. "పిచ్చి మొహమా! అటునుంచి వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. ఇప్పుడు ఎదురుగాలి. పదిహేను. ముసలాడు ఇక్కడే, అందరి ముందూ పోతాడు. తలుపు తీస్తే కింద సముద్రం. ఎటు పారిపోతావమ్మా?"

మరదలు విమానం దారి చూపించే తెర వంక చూసింది. బొమ్మ విమానం నీలం నడుమ ఈగలా అతుక్కుపోయి ఉంది. ఆవిడ మొహాన నెత్తురు చుక్క లేదు.

"విరుగుడుంది. నాకోసం దాచుకున్నది. దిగాక నన్ను పట్టుకోనని మాటివ్వు."

"చేతిలో చెయ్యేసి చెబుతున్నా. నిన్ను తాకను."

లిప్‌స్టిక్ గొట్టం అడుగు తిప్పి చిన్న సీసా తీసింది. అప్పటికే ముసలాయన కళ్ళు తేలేశాడు. బావ దవడలు విడదీసి ఆఖరి చుక్కదాకా పోశాడు. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత గురగురమంటూ ఊపిరి తిరిగొచ్చింది.

విమానం దిగాక, పోలీసుల నడుమ నడుస్తున్న ముసలాయన చెవిలో బావ అన్నాడు: "నీకు ప్రాణం పోసిన తల్లి వెనకాలే వస్తోంది. ఒక్క దండం పెట్టుకో."

బయట పూలగుత్తులతో ముఠా మనుషులు నలుగురు మరదలి కోసం నిలబడ్డారు. సరిగ్గా వాళ్ళ ముందర ముసలాయన వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"చల్లగా ఉండు తల్లీ! నువ్వు మందు పోయకపోతే ఈపాటికి శవాన్నయ్యేవాణ్ణి!"

నలుగురి మొహాల మీదా నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం మారాయి.

"బావా, నన్ను అరెస్టు చెయ్యి!" మరదలు అతని చొక్కా పట్టుకుంది. "నీ కాళ్ళకి దండం పెడతా, బేడీలు వెయ్యి!"

"మాటిచ్చాను కదే," అన్నాడు బావ, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ.

నలుగురూ ఆవిడ భుజాల చుట్టూ చేతులేసి, ఆప్యాయంగా కారెక్కించారు.

ముసలాయన్ని కోర్టులో అప్పగించాక చీఫ్‌నుంచి ఫోనొచ్చింది. "మరదలేదీ?"

"చుట్టాలొచ్చి తీసుకెళ్ళారు సార్. మళ్ళీ పంపేలా లేరు."