ఉడుము ఎక్కిన కొండ

ఉదయం తొమ్మిదింటికి హోటల్ హాల్లో ప్రాక్టీస్ చేస్తున్న గాయని, పాట మధ్యలో కుప్పకూలింది. సైలెన్సర్ పిస్టల్. ఒకే ఒక్క బుల్లెట్.

లిఫ్ట్ ఆపరేటర్ వేషంలో ఉన్న ఏజెంట్ పరుగున వచ్చి ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాడు. శత్రువుల జీతం తింటూ అతని ఆఫీసుకు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. నిజంగా ఎవరి మనిషో ఆరు నెలలుగా అతనికి అంతు చిక్కలేదు.

"నా లిప్‌స్టిక్ తీసుకో..." అంది. "ఈసారైనా నమ్ము."

అంతే. కళ్లు తెరిచే ఉన్నాయి.

లిప్‌స్టిక్ గొట్టంలో చిన్న కాగితం. విదేశీ ముఠా ఊరి పక్క కొండ శిఖరం మీద దొంగ ట్రాన్స్‌మిటర్ బిగించింది. పన్నెండింటికి అది పని మొదలుపెడితే, మబ్బుల్లో వస్తున్న విమానం ఆ తప్పుడు సిగ్నల్‌ని పట్టుకుని వచ్చి కొండను గుద్దుకుంటుంది. లోపల నూట పన్నెండు మంది. కాగితం అడుగున, దాన్ని ఆపే నాలుగంకెల కోడ్.

వాచీలోని రేడియోలో బాస్ గొంతు గరగరలాడింది. "రోడ్డంతా మెషిన్‌గన్లు. ఈ మబ్బులో హెలికాప్టర్ ఎగరదు. తూర్పు రాతిగట్టు ఒక్కటే దారి. ఎవడూ ఎక్కలేడని అక్కడ కాపలా కూడా పెట్టలేదు."

"విమానాన్ని వెనక్కి పిలవలేమా సార్?"

"విమానం రేడియో జామ్ చేశారు. నువ్వే వెళ్లాలి, ఉడుమూ."

అతని పట్టు చూసి ఆఫీసు పెట్టిన పేరది.

గట్టు రంపంలా ఉంది. అటు లోయ, ఇటు లోయ. బూట్లు జారుతుంటే విప్పి పారేశాడు. యూనిఫారం ఇత్తడి గుండీలు రాతికి కొట్టుకుంటున్నాయి. గోళ్ల సందుల్లో ఎండిన ఆమె నెత్తురు మీద రాతిపొడి పేరుకుంది. ఒకచోట చేతికింది రాయి ఊడి, చప్పుడు లేకుండా మబ్బులో కలిసిపోయింది. ఒంటి చేత్తో వేలాడుతూ ఉండగా, నెల కిందట ఆమె అడిగిన మాట గుర్తొచ్చింది.

"నా గురించి మీవాళ్లకి ఏం రాశావ్?"

"ఉన్నదే రాశా."

'నమ్మదగిన మనిషి కాదు. రక్షణ అనవసరం.' అదీ అతను రాసింది.

శిఖరం చేరేసరికి పదకొండూ యాభై తొమ్మిది.

"ఆగు!" వాచీలోంచి అరిచాడు బాస్. "మన ల్యాబ్ వేరే కోడ్ చెబుతోంది. తప్పు నొక్కితే పేలిపోతుంది. ఆమెను నమ్మొద్దని నీ రిపోర్టే చెబుతోందిగా!"

"నా రిపోర్టే తప్పు సార్."

ఆమె ఇచ్చిన అంకెలే నొక్కాడు. ఇంకా మూడు సెకన్లుండగా ఎర్రదీపం ఆరిపోయింది. కాసేపటికి విమానం హోరు తలమీదుగా వచ్చి, పక్కకు ఒరిగి, దూరమైపోయింది.

"శభాష్! అయితే ఆ అమ్మాయి మన మనిషేనన్నమాట. ఆమెకి మెడల్ ఇప్పిస్తా. వాళ్లింట్లో ఎవరున్నారు?"



"ఆరు నెలలు నీడలా వెంట తిరిగాను సార్. ఆ ఒక్కటీ అడగలేదు."

"ఎలా దిగుతావురా?" అన్నాడు బాస్.

ఉడుము కింద మబ్బులోకి చూశాడు.

"ఎక్కడానికే ట్రైనింగ్ ఇచ్చారు సార్. దిగడం సిలబస్‌లో లేదు."