ఖాళీ ఒడి

డోరీన్‌కి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. వేలంలో ఏ వస్తువు చవగ్గా దొరికినా ఇందులో ఏదో మెలిక ఉందనుకునే మనిషి. మరి ఆ ఆకుపచ్చ ముఖమల్ తెర దగ్గర ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో! డులూత్ అనే ఊళ్లో ఎప్పుడో మూతబడ్డ ఒక ఫొటో స్టూడియో సామానులో దొరికిందది. నూరేళ్ల నాటిదైనా ఎక్కడా ఒక్క చిరుగు లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకి అందంగా, కొత్త కొత్తగా ఫొటోలు తియ్యడం డోరీన్ పని. ఈ తెర ముందు నిలబెడితే ఎంత బాగుంటారో అని తెగ మురిసిపోయింది.

తెర మడతల్లో ఒక పాత అట్ట ఫొటో కూడా ఉంది. ఆ కాలంలో ఫొటో తియ్యాలంటే చాలాసేపు పట్టేది. పసివాళ్లు కుదురుగా ఉండరు కదా! అందుకని తల్లి తలమీంచి గుడ్డ కప్పుకుని కుర్చీలా కూచుని, బిడ్డని ఒళ్లో కదలకుండా పట్టుకునేది. ఈ ఫొటోలోనూ ఒకావిడ ఇదే తెర కప్పుకుని కూచుంది. గుడ్డ కింద రెండు చేతులూ దేన్నో పట్టుకున్నట్టే ఉన్నాయి. ఒళ్లో మాత్రం ఎవరూ లేరు. ఫొటో చెడిపోయి ఉంటుందిలే అనుకుని డోరీన్ దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

ఆ నవంబరు మధ్యాహ్నం ట్వైలా వచ్చింది, వెంట అత్తగారు సోల్విగ్. కింద ఎరలమ్మే కొట్టులోంచి చేపల వాసన వాళ్లతోపాటే మెట్లెక్కింది. సరస్సు గాలికి కిటికీ అద్దాలు టకటకలాడుతున్నాయి. ట్వైలాకి ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొగుడు ఖనిజం మోసే ఓడ మీద ఉన్నాడు. ఈ ఫొటోలు అతని కోసమే.

"పొట్ట బయటపెట్టుకుని ఫొటోలేమిటే తల్లీ! మేమైతే కోటు బొత్తాలు పెట్టుకుని దాచుకునేవాళ్లం," అంది సోల్విగ్.

"అయితే మీ అబ్బాయి కోటులోంచి పుట్టాడా అత్తయ్యా?"

ముసలావిడ పకపకా నవ్వి, హీటరు పక్కన చతికిలబడింది. గట్టు మీది ఫొటో తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఏమ్మాయ్, ఇందులో బిడ్డేదీ?"

"నాకూ తెలీదండీ," అంది డోరీన్.

"పట్టుకున్న తీరు చూస్తే ఉన్నట్టే ఉందే..." అంటూ ఫొటోని మళ్లీ గట్టు మీద బోర్లించింది.

డోరీన్ ట్వైలాని తెర ముందు నిలబెట్టింది. "ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. ఆఁ, అంతే! ఇక తల్లీ బిడ్డా ఇద్దరూ కదలకండి."

వచ్చిన ప్రతి ఆవిడతోనూ ఆడే హాస్యమే అది. వాళ్లు నవ్వుతారు, ఆ నవ్వు మీదే తను బొమ్మ తీస్తుంది. ట్వైలా కూడా నవ్వింది.

తీసిన బొమ్మ చూసుకుంటే, ట్వైలా వెనక తెర ఉబ్బి ఉంది. డోరీన్‌కి ముసలావిడ మీద అనుమానం వచ్చింది.

"సోల్విగ్ గారూ, తెర వెనక్కెళ్లారా?"

"నేనా? ఇక్కడే కాళ్లు కాచుకుంటున్నాగా!"

నిజమే. అక్కడే ఉంది. మరి గాలా? కిటికీ గడియ పెట్టే ఉంది. చేపల వాసన పోయి, గదంతా పులిసిన పాల వాసన...

"డోరీన్ గారూ," అంది ట్వైలా కళ్లు మూసుకుని, "మీ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో. బరువంతా మోస్తున్నట్టుంది. తియ్యకండి."

డోరీన్ ఆరడుగుల దూరంలో ఉంది. తన రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి.

పొట్ట కింద తెర ముందుకి వచ్చి ఉంది. ఆకుపచ్చ గుడ్డలో... అయిదు వేళ్లు.

"ట్వైలా... మెల్లగా నా వైపు రా."

"రాలేకపోతున్నా..." అంది ట్వైలా. "అత్తయ్యా, బిడ్డ కదలట్లేదు. ఇందాకటిదాకా కుడి పక్కటెముక కింద ఒకటే తన్నులు. ఇప్పుడేమీ లేదు... అత్తయ్యా!"

సోల్విగ్ పరుగున వచ్చి పొట్ట మీద చెయ్యి వేసింది. ఆవిడ మొహం పాలిపోయింది. ఇది మూడోది. ఇది కూడా పోతే ఈ పిల్ల బతకదు.

డోరీన్‌కి అప్పుడు తట్టింది. కదలకండి అన్నది తనే. ఈ తెర కింద పిల్లల్ని కదలకుండా పట్టుకోవడమే పనిగా ఉన్నవాళ్లెవరో ఆ మాట విన్నారు.

"అయిపోయింది!" అని అరిచింది. "ఫొటో అయిపోయింది! ఇక కదలచ్చు. వదిలెయ్... నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్!"

తెర కడ్డీ మీంచి జారి కుప్పగా పడింది. వెనక ఉత్త గోడ. ఒక క్షణం... రెండు క్షణాలు...

"అబ్బా!" అంది ట్వైలా. "తన్నింది! తన్నింది అత్తయ్యా!" ఏడుస్తూనే నవ్వేసింది.

"హమ్మయ్య!" అంది ముసలావిడ. చెయ్యి మాత్రం పొట్ట మీంచి తియ్యలేదు. కాసేపటికి ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇదేమిటే, ఎడమవైపు తంతోంది?"

"తిరిగి ఉంటుందిలెండి. కదిలింది కదా, నాకదే చాలు."

సోల్విగ్ డోరీన్ వంక చూసింది. ఎందుకైనా మంచిదని అటునుంచటే ఆస్పత్రికి బయల్దేరారు.

డోరీన్ కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద ట్వైలా కారెక్కబోతూ తలెత్తి, మొహమంతా నవ్వుతో చెయ్యి ఊపింది. తిరిగి ఊపడానికి డోరీన్ చెయ్యెత్తేసరికి, గట్టు మీది ఫొటో కంటపడింది. బోర్లించిన ఫొటో వెల్లకిలా ఉంది.

ఆవిడ ఒళ్లో ఇప్పుడు బిడ్డ ఉంది. మొహం చెదిరి మసగ్గా ఉంది. కుదురుగా ఉండని పిల్లలు పాత ఫొటోల్లో అలాగే పడతారు. గుడ్డ కింద చేతులు గట్టిగా అదిమి పట్టుకున్నాయి. ఒక్క కాలు మాత్రం ఇంకా... ఆవిడ కుడి పక్కటెముక కింద తన్నుతూనే ఉంది.