మొన విరిగిన పండు

ఐదో తలుపు తట్టేసరికి తిర్సా నోట ఆ మాట అరిగిపోయింది.

"ఈ ఏడాది తెలిసో తెలియకో మిమ్మల్ని బాధపెట్టి ఉంటే క్షమించండి."

తలుపు తీసినామె చేతిలో గరిటె ఉంది. క్షమించాను తల్లీ, నువ్వూ నన్ను క్షమించు అని గబగబా అనేసి, సూప్ పొంగుతోందంటూ వంటింట్లోకి పరుగెత్తింది. పొద్దు గూకితే యోమ్ కిప్పూర్, యూదులు తప్పులు మన్నించమని వేడుకుంటూ ఉపవాసముండే రోజు. పెద్దవాళ్లకు మర్నాడు చీకటి పడేదాకా మంచినీళ్లు కూడా ఉండవు. ఈలోగా తినాలి, స్నానాలు చేయాలి, ఒకరినొకరు క్షమాపణ అడగాలి. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు చూసుకుంటాడు. మనిషికి చేసిన తప్పును మాత్రం ఆ మనిషే మన్నించాలి. జెరూసలేంలోని ఆ వాడలో ఇది తెలియని పిల్లలు లేరు.

పదేళ్ల తిర్సాకూ తెలుసు. అందుకే ఆ భవనంలో ఇల్లిల్లూ తిరుగుతోంది. పై అంతస్తులో నెఫ్తాలి వాళ్ల ఇల్లు ఒక్కటి తప్ప.

నాలుగు రోజుల కిందటి మాట. వాకిట్లో కుండీలో జెవులూన్ తాత పెంచే ఎత్రోగ్ చెట్టుంది. దబ్బపండు లాంటి పండు అది. ఈ ఏడు కాసింది ఒక్కటే. వచ్చే వారం పందిళ్ల పండగనాడు దాన్ని చేతపట్టుకుని ప్రార్థన చేయాలి. పండు కొసన చిన్న మొన ఉంటుంది. అది విరిగిందా, పండు బంగారంలా మెరుస్తున్నా పండగకు పనికిరాదు. తాత రోజూ ఆ మొననే చూసుకుని మురిసేవాడు. తిర్సా బడి నుంచి వస్తూ వాసన చూద్దామని వంగింది. బ్యాగు పట్టీ తగిలింది. టప్. అంతే. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గప్‌చిప్‌గా ఇంట్లోకి పోయింది.

కుండీ పక్కన నెఫ్తాలి బంతి పడి ఉంది. ఇంకేం కావాలి? ఆరేళ్లవాడు, అంతకుముందే మెట్ల మీది బల్బు పగలగొట్టినవాడు. నేను కాదు మొర్రో అని ఏడ్చినా ఒక్కరూ నమ్మలేదు. పండగ అయ్యేదాకా వాకిట్లో అడుగు పెట్టొద్దని వాళ్లమ్మ కట్టడి చేసింది. పిల్లలంతా వాకిట్లో కూర్చుని పందిరికి రంగుకాగితాల గొలుసులు అతికించే రోజులవి. వాడు కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాడు. పిల్లలు వాణ్ణి వెక్కిరిస్తే తిర్సా కూడా గొంతు కలిపేది, తల మాత్రం ఎత్తేది కాదు.

ఆరో తలుపు జెవులూన్ తాతది. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తిర్సా తన పాఠం అప్పజెప్పింది.

"దేనికి?" అన్నాడు తాత.

"దేనికేంటి తాతా. ఊరికే. అన్నిటికీ."

"అన్నిటికీ అంటే దేనికీ కాదన్నమాట."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి వాళ్ల నాన్న సంగతి చెప్పాడు. ఆయన పోయేనాటికి ఇల్లు లేదు, వాకిలి లేదు. కొడుక్కి వదిలింది ఒక్క అలవాటు. ఏటా ఈ రోజున కన్నపిల్లల ముందు కూడా నిలబడి, ఫలానా రోజు ఫలానా మాట అన్నాను, అది తప్పు అని చెప్పేవాడట. 'ఉంటే' 'గింటే' లేవు. ఆ మందు తనకూ చేదేనని, అయినా ఏటా మింగుతున్నానని తాత నవ్వాడు. సరే, క్షమించాను, పో అన్నాడు.

తిర్సా కదల్లేదు. ఆయన క్షమించింది ఎవర్ని? ఏ తప్పూ చేయని ఓ మంచిపిల్లని. ఆ పిల్ల తను కాదు.

"ఎత్రోగ్ మొన విరిచింది నేను తాతా. నా బ్యాగు తగిలింది. నెఫ్తాలిని అందరూ తిడుతుంటే నోరు మూసుకున్నాను."

తాత మొహం పాలిపోయింది.

"పండు పోతే బజార్లో ఇంకోటి దొరుకుతుంది" అన్నాడు. "ఆ పిల్లాడి నాలుగు రోజులు ఎక్కణ్ణుంచి తెస్తాం? నేను మాత్రం కళ్లతో చూశానా? బంతిని చూసి వాడే అనేశాను. పద."

చొక్కా సగం ముడతలతోనే వదిలేసి మెట్లెక్కాడు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా నెఫ్తాలి ఎత్తుకు వంగి, చూడకుండానే నీ మీద నేరం వేశాను, తప్పు నాది అన్నాడు. వాడు వెంటనే క్షమించేసి, కూర్చో తాతా అని కుర్చీ లాగాడు. తర్వాత తిర్సా తను చేసింది చెప్పి, క్షమించమంది.

"క్షమించను పో" అన్నాడు నెఫ్తాలి.

వాళ్లమ్మ గదమాయించబోతే తాత ఆపాడు. అది వాడిష్టం అన్నాడు.

నెఫ్తాలి ఒక వేలు ఎత్తాడు. "ఇది ఒకటి. మూడుసార్లు అడగాలని మా టీచర్ చెప్పింది, తిర్సా."

రోజూ అక్కా అని పిలిచేవాడు. తిర్సా మళ్లీ అడిగింది. వాడు రెండో వేలు ఎత్తి మొహం తిప్పుకున్నాడు. మూడోసారీ అక్కడే అడిగేస్తే, వాడు క్షమించకపోయినా తన వంతు తీరిపోతుంది. కానీ అందరి నోళ్లలో వాడే కదా ఇంకా దోషి?

తిర్సా కిందికి దిగింది. వాకిట్లో పిల్లలకు చెప్పింది. ఒకడు, దొంగపిల్లి దొరికిందిరోయ్ అని అరిచాడు. మరి మాతో కలిసి వాణ్ణెందుకు వెక్కిరించావని ఒక పిల్ల నిలదీసింది. వెక్కిరించాను, అదీ తప్పే అంది తిర్సా. చెవులు కాలిపోయాయి. అయినా ఆగలేదు. పొద్దున్నించీ తట్టిన తలుపులన్నీ మళ్లీ తట్టింది. గరిటె ఆమె ఈసారి సూప్ సంగతి మర్చిపోయి నిలబడి విన్నది.

తిరిగి పైకి వచ్చేసరికి నెఫ్తాలి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కింద జరిగిందంతా కిటికీలోంచి విన్నాడు.

"నువ్వు చేయని పనికి నాలుగు రోజులు నీకు తిట్లు తినిపించాను" అంది తిర్సా. "నువ్వు ఏడుస్తుంటే చూడనట్టు నటించాను. క్షమించు."

వాడు మూడో వేలు ఎత్తలేదు. నేలచూపులు చూశాడు.

"అక్కా, ఆరేసిన నీ గుడ్డబూట్లలో ఒకటి డాబా మీద ట్యాంకు వెనక పడేశాను. ఇందాక, నువ్వు కిందికి పోయాక. కావాలనే. ఇవాళ తోలుబూట్లు వేసుకోకూడదని తెలిసే చేశాను. క్షమించు."

తిర్సాకు కోపం పొంగుకొచ్చింది. ఇంకో అరగంటలో ప్రార్థనకు బయల్దేరాలి. ఒక్క బూటుతో ఎలా పోతుంది? తిట్టబోయి వాడి మొహం చూసింది. వాడి కింది పెదవి వణుకుతోంది. నిజం బయటపడాలని వాడు నాలుగు రోజులు ఎదురుచూశాడు. వాణ్ణి ఇంకో నిమిషం కూడా ఎదురుచూడనివ్వాలనిపించలేదు.

"క్షమించాను" అంది. "పద. ఆ సందులో నా చెయ్యి పట్టదు. నీదే పడుతుంది."

ఇద్దరూ డాబా మెట్లెక్కారు.