మాత్ర లేని సాక్ష్యం

“నా తమ్ముడి ఛాతీలో మిషను పెట్టించి కరెంటు మనిషిని చేశావు! ఇంకా చాల్లేదటే నీకు?”

ఆడపడుచు కృపారాణి వంటింటి తలుపుకి అడ్డంగా నిలబడింది. రెబెక్కా చేతిలో మాత్రల అట్టలు... ఒక్క మాత్రా తియ్యలేదు! ఇప్పుడే వదినగారి హ్యాండ్‌బ్యాగులో దొరికాయి. హాల్లో, ఐజాక్ కోలుకున్నందుకు పెట్టిన కృతజ్ఞత ప్రార్థన కూడికలో పాట మొదలైపోయింది.

“వారం నుంచీ మాత్రలు నేనే వేస్తున్నానని మీరంటే నమ్మాను కదండీ వదినా! గుండెపోటు వల్ల పడిన మచ్చ దగ్గర గుండె కొట్టుకునే తీరు తప్పుతోందనీ, షాకిచ్చి సరిచేసే మిషనున్నా మందులు మానకూడదనీ డాక్టరుగారు చెప్పలేదూ?”

“స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పే నోట్లో మాత్రేంటి? అది అబద్ధ సాక్ష్యం కాదూ? నీకెలాగూ విశ్వాసం లేదు, వాడికైనా మిగలనివ్వు!”

రెబెక్కా ఆమెను తోసుకుని భర్త దగ్గరికి పరుగెత్తింది. ఐజాక్ తల దించుకున్నాడు. “కూడిక అయ్యాక వేసుకుంటాలే... అందరిముందూ అక్కని చిన్నబుచ్చకు.”

తన తాళికన్నా అక్క పరువే ఎక్కువైందా అనుకుంది రెబెక్కా!

ఐజాక్ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. కృపారాణి అతని ఛాతీ మీద చెయ్యి వేసి ప్రార్థన అందుకుంది. “దేవుడు నాకు...” అంటూనే అతని కళ్లు తేలిపోయాయి. ఒరిగిపోతున్న ఒళ్లు ఒక్కసారిగా ఎగిరిపడింది! కృపారాణి కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కుంది.

“మిషను చంపేసింది! వీడి పెళ్లామే చంపించింది!”

“ఆ దెబ్బే బతికించింది!” రెబెక్కా అరిచింది. “అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!”

ఐజాక్ కళ్లు తెరిచాడు. అంబులెన్సు కొవ్వూరు వంతెన దాటుతుండగా మిషను మళ్లీ కొట్టింది. రెబెక్కా అతని చెయ్యి వదల్లేదు.

రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టరుగారు బయటికొచ్చేసరికి చీకటి పడుతోంది. “గండం గడిచింది. ప్రాణం మీదికొస్తే మిషను కాపాడుతుంది, అసలు అంతదాకా రానివ్వకుండా చూసేవి మాత్రలు. వాటికీ లొంగకపోతే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి, గుండెలో తీరు తప్పే ఆ చోటుని కాల్చాలి. భార్య అయ్యుండి మందులు ఆపేస్తారా అమ్మా? చదువుకున్నవాళ్లే!”

బంధువుల చూపులన్నీ రెబెక్కా మీదే!

డాక్టరుగారు వెనుదిరిగారు. రెబెక్కా కన్నీళ్లు తుడుచుకోలేదు. “ఆయన సాక్ష్యం సగంలో ఆగిపోయింది వదినా. మిగతాది మీరు చెప్పండి.”

కృపారాణి తన అరచేతిని చూసుకుంది. ఆ షాకు జిల్లు ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ఉన్నట్టుండి డాక్టరుగారి వెనక పరుగులాంటి నడకతో వెళ్లింది.

“డాక్టరుగారండీ... తప్పు ఆ పిల్లది కాదండి. మాత్రలు దాచింది నేను.” వరండా అంతటికీ వినిపించింది.

తిరిగొచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. రెబెక్కా కోపం ఇసుమంత కూడా చల్లారలేదు. కానీ కూర్చున్న బెంచీ మీద ఆమెకి చోటిస్తూ కాస్త పక్కకి జరిగింది.