వెనకపక్క వేడి

ముత్తుకూరు నుంచి పోర్టుకు పొయ్యే రోడ్డు మీద పద్మనాభయ్య కొత్త హోటలు కట్టినాడు. అందులో గోడకానించి ఒక పాత సోడా మిషను పెట్టుండాది. ఎర్రరంగు పెచ్చులూడిన ఇనప బీరువాలాగుంటుంది. వెనకటికి పావలా వేసి పిడి తిప్పితే చల్లటి సీసా ఒకటి బయటికొచ్చేదంట. బిట్రగుంట రైల్వే కాలనీలో ఎలిశబెతమ్మని ఒక ముసలామె ఇల్లు ఖాళీ చేస్తావుంటే, బేరమాడి లారీలో వేయించుకొచ్చినాడు. రేపు పొద్దున ఓపెనింగు. మొదటి పావలా ఆయన కోడలు భానుప్రియ వెయ్యాలి, సీసా పొగలు కక్కేంత చల్లగా రావాలి. ఆయన ముచ్చట అది.

ఫ్రిజ్జుల పనికి ఆ చుట్టుపక్కల రూఫస్‌నే పిలుస్తారు. ఆరోజు మాత్రం రాననుకున్నాడు. నాలుగేళ్ళ కూతురు అబిగయీలుకి రెండు రోజుల్నుంచి జ్వరం. మధ్యాహ్నానికి నూట మూడు. డాక్టరు మందిచ్చి, రేపటికి తగ్గకపోతే నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. ఆ మాటే ఫోన్‌లో చెప్తే పద్మనాభయ్య నవ్వినాడు.

"నువ్వేమన్నా డాక్టరువా? పక్కన కూచోని జ్వరానికి విసనకర్ర విసరతావా ఏంది? వచ్చి పని చూడు."

ఆరోసారి ఫోనొచ్చినాక లేచినాడు. ఆ హడావుడిలో తన నీళ్ళసీసా అనుకోని పాప స్టీలుసీసా సంచిలో వేసుకున్నాడు.

అతనొచ్చేసరికి వాన పట్టుకుంది. సముద్రం మీంచి కొట్టే జల్లు కొత్త టైల్స్ మీద పడకుండా పద్మనాభయ్య షట్టరు మోకాలెత్తు దాకా దించేసినాడు. పట్టపగలే లోపల చీకటి. పచ్చి సిమెంటు వాసన, దాంట్లో కలిసిన చేపల నీచు వాసన. ఒక్క బల్బు.

ఏ పనికైనా ముందు మిషను మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థన చేసుకోవడం రూఫస్‌కి వాళ్ళ నాన్న అబ్రహాము నేర్పిన అలవాటు. పని చక్కగా జరగనియ్యమని అడుగుతాడు. ఆరోజు నోట్లో ఆ మాట రాలేదు. ఇనుము మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకోని, "నా బిడ్డ ఒంట్లో వేడి తీసెయ్యి" అన్నాడు.

కళ్ళు తెరిచి పని మొదలుపెట్టినాడు.

వెనక రేకు విప్పితే కంప్రెసరు బిగుసుకుపోయుంది. నూనె ప్లగ్గు విప్పినాడు. నల్లగా రావాల్సిన నూనె తేనె రంగులో, చిక్కగా దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిన వాసన. చర్చిలో రోగుల నుదుటికి రాసే ప్రార్థన నూనె. ఎవడో తెలివితక్కువోడు మిషన్లో ఆలివ్ నూనె పోసినాడు, బిగుసుకుపోదా మరి అనుకున్నాడు. అంతా వంచి షట్టరు కిందగా వాననీళ్ళలో పారబోసినాడు. అసలు నూనె పోసి, రిలే మార్చి, గొట్టానికి పడిన చిల్లు అతికించి, గ్యాస్ ఎక్కించినాడు. స్విచ్చి వేస్తే... దడ్ మని లేచింది.

ఉత్త పెట్టెని చల్లబరిస్తే సరిపోదు, లోపల సరుకుండాలి. చేతికందిన స్టీలుసీసా తీసుకోని సీసాల మెడలు పట్టుకునే ఇనప పట్టాల మధ్య దించినాడు. టక్కున పట్టేసింది. అప్పుడు చూసినాడు, దాని మీద పాప పేరు స్టిక్కరు. లాగినాడు. రాలేదు. పావలా వెయ్యందే అది వదలదు. ఇప్పుడెక్కడా దొరకని ఆ పావలా ఒక్కటే, పద్మనాభయ్య జేబులో ఉండాది.

పోనీలే, సాయంత్రం తీసుకోవచ్చనుకున్నాడు.

నాలుగింటికి షారన్ ఫోన్ చేసింది. భార్య గొంతులో రెండు రోజుల తర్వాత నవ్వు వినిపించింది. "ఏమండీ, చెమట పట్టింది. నూట ఒకటికి దిగింది."

రూఫస్ స్తోత్రం చెప్పుకున్నాడు. నాలుగున్నరకి మళ్ళీ చేసింది. తొంభై ఎనిమిదిన్నర. మామూలైపోయింది. రూఫస్ కళ్ళు తుడుచుకోని, ఈల వేసుకుంటా మిషను వెనక్కి పొయ్యి గొట్టాల దగ్గర చెయ్యి పెట్టినాడు. లోపల తీసిన వేడి వెనకపక్క పడాలి. ఫ్రిజ్జు పని మొత్తం ఆ ఒక్క లెక్క మీదే.

వేడి వస్తావుంది. కానీ ఇనుము కాలిన వేడి కాదు. తడితడిగా... నోటి ఆవిరిలాగా. దాంట్లో ఒక వాసన. తియ్యగా, స్ట్రాబెర్రీ పండు వాసన.

పాపకి తాగించే జ్వరం మందు వాసన.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జేబులో ఫోను మోగింది.

"ఏమండీ... తొంభై ఐదు చూపిస్తావుంది. థర్మామీటరు చెడిపోయినట్టుంది. కాళ్ళు చల్లగుండాయి."

రూఫస్ స్విచ్చి ఆపినాడు. మిషను ఆగలేదు. ప్లగ్గు పీకినాడు. తీగ చేతిలో వేలాడతావుంది... మిషను తిరగతానే ఉంది. దడ్, దడ్, దడ్. మిషను ముందరి అద్దం వెనక పాప పేరు మీద మంచు పేరుకుంటావుంది.

"అయ్యా, ఆ పావలా ఇవ్వండి."

పద్మనాభయ్య చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "రేపు నా కోడలు వెయ్యాల్సిన పావలా నీకెందుకిస్తానయ్యా? మిషను తిరగతావుంది, పని అయిపోయింది. పో."

రూఫస్ పీకిన తీగ చూపించినాడు. ఆయన చూసినాడు. మొహం పాలిపోయింది గానీ చెయ్యి జేబు మీంచి తియ్యలా. గోడకి చేరబడి, గొంతు తగ్గించి చెప్పినాడు. "ఆ ముసల్ది చెప్పింది... ఫోటోలు తీసుకోడానికి పెట్టుకో, లోపలి నూనె మాత్రం ముట్టుకోవద్దని. నీకు చెప్తే ఆ సాకుతో రేటు పెంచుతావని చెప్పలా."

"ఆ నూనె ఎందుకు పోసిందంట?"

"అడగలా."

ఫోన్లో షారన్ ఏడుపు. తొంభై మూడు. పిలిస్తే పలకతా లేదు.

రూఫస్ కట్టరు తీసుకోని మిషను వెనక్కి ఉరికినాడు. పద్మనాభయ్య అతని చొక్కా పట్టుకోని లాగినాడు. రూఫస్ ఆయన్ని మోచేత్తో తోసి, గ్యాస్ గొట్టాన్ని కట్టరు పళ్ళ మధ్య పెట్టి నొక్కినాడు. తెగింది.

సుయ్యిమంది. ఎక్కించింది పిడికెడు గ్యాసు, పది లెక్కపెట్టేలోపు అయిపోవాలి. అది అట్టా వస్తానే ఉంది... వస్తానే ఉంది. సన్నగా, ఏడ్చి ఏడ్చి అలిసినోళ్ళు ఊపిరి వదిలినట్టు. ఒక్కరిది కాదు అది. గదంతా మందు వాసన. బల్బు చుట్టూ మంచు పొగ.

ఆగింది.

పట్టాలు వాటంతటవే విడిపొయ్యి స్టీలుసీసా కిందికి జారింది. పట్టుకుంటే చెయ్యి కాలింది.

ఫోన్లో షారన్ అంది, "కళ్ళు తెరిచిందండీ."

వానలో బండి ఎట్టా నడిపినాడో తెలీదు. ఇంటికొచ్చేసరికి పాప ఇడ్లీ తిని పడుకోనుంది. నూటికి నూరుపాళ్ళు మామూలు వేడి. షారన్ మూడుసార్లు థర్మామీటరు పెట్టి చూపించింది. అలిసిపొయ్యి పక్కనే వాలి నిద్రపోయింది.

రూఫస్ పాపని దగ్గరికి తీసుకున్నాడు. మిషన్ల దగ్గర రోజూ చేసే పనే గనక చేతులు వాటంతటవే పోయినాయి. ఒకటి ముందు, ఒకటి వెనక.

పాప రొమ్ము సోడా సీసాలాగా చల్లగుంది.

వీపు కాలతావుంది.

వీపుకి చెవి ఆనించినాడు. లోపల సన్నగా ఒకే తీరున మోత. ఊపిరి లాగితే పెరగదు, వదిలితే తగ్గదు. ఉన్నట్టుండి... టక్. మోత ఆగింది. ఊపిరీ ఆగింది. రూఫస్ అరవబొయ్యేలోపు... టక్. మళ్ళీ మొదలైంది. షారన్ని లేపినాడు. ఏమీ చెప్పకుండా ఆటో తెమ్మన్నాడు. ఆమె చెప్పులేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది.

పాపని భుజానేసుకోని గడపలో నిలబడినాడు. రెండోసారి ఆగినప్పుడు పదకొండు లెక్కపెట్టినాడు. మూడోసారి పంతొమ్మిది. లోపల బాగా చల్లబడేకొద్దీ మిషను ఎక్కువసేపు ఆగుతుంది. అది అతనికి ఎవరూ చెప్పనక్కర్లా.

సందు చివర ఆటో లైటు కనపడింది.

టక్.

రూఫస్ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు.